పిలక, జడ, గడ్డం: ప్రాస్పెక్టస్‌లో ఎవరూ చదవని పేజీ

శ్రోతలకు నమస్కారం.

డెల్టాలో ఇది అడ్మిషన్ల కాలం. అమలాపురంలోనో భీమవరంలోనో ఏ ఇంటికెళ్ళినా కౌన్సెలింగు, ఫీజు, హాస్టలు, ఇవే మాటలు. మతసంస్థలు నడిపే విద్యాలయంలో సీటొచ్చిన ఇంట్లో మాత్రం ఇంకో మాట కూడా రావాలి. అదే జుట్టు మాట. యూనిఫాం అయితే సాయంత్రం విప్పి దండెం మీద పడేస్తాం. జుట్టుకి ఆ వీలు లేదు. కాలేజీ చెప్పినట్టు కత్తిరించుకున్న తలతోనే ఇంటికీ పెళ్ళికీ రావాలి, ఇంటి ఆచారం ప్రకారం పెంచిన గడ్డంతోనే క్లాసులో కూర్చోవాలి.

ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి. తలవెంట్రుక నెలకి సుమారు 1.25 సెంటీమీటర్లు, అంటే అరంగుళం పెరుగుతుంది. ఏ నూనె రాసినా అంతే. తగవుల్లో సగం ఈ లెక్క తెలియక వచ్చేవే.

దగ్గర్లో ఉన్నదే చూద్దాం. పశ్చిమగోదావరి జిల్లా ఐ.భీమవరంలో తిరుమల తిరుపతి దేవస్థానం వేదపాఠశాల ఉంది. వేదవిద్యార్థికి పిలక ఉండాలి. ఆవు గిట్ట పాటి మేర వెంట్రుకలు వదిలి చుట్టూ క్షౌరం చేయించుకోవాలని పెద్దల మాట. మన వైపు అది నడినెత్తికి కాస్త వెనగ్గా ఉంటుంది. ముడి నిలవాలంటే కనీసం ఒక జానెడు పొడవైనా కావాలి. చిక్కు సెలవుల్లో వస్తుంది. ఇంటికొచ్చిన కుర్రాడు ఊళ్ళో స్నేహితుల వెక్కిరింతలకో, మేనమామ పెళ్ళి ఫొటోల కోసమో క్రాపు కొట్టించుకుంటాడు. కొట్టడం పది నిమిషాల పని. ఆ ముడి మళ్ళీ రావాలంటే ఏడాది పైన పడుతుంది. ఈ ఏడాదిలో స్వరం, సంత (గురువు వెంట చెప్పి వల్లె వేయడం) అన్నీ మామూలుగానే సాగుతాయి గానీ, వరసలో కూర్చున్నప్పుడు తోటివాళ్ళ చూపు మాత్రం ఆ తల మీదే ఉంటుంది.

పెంచమనే నియమం ఇంకా చాలాచోట్ల ఉంది. దేవబంద్‌లోని ముస్లిం మతవిద్యాలయం దారుల్ ఉలూమ్‌లో గడ్డం పిడికెడు ఉండాలి, అంతకంటే తగ్గించకూడదు. అమృత్‌సర్‌లో శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ నడిపే మెడికల్ కాలేజీ సంగతి మరీ సూక్ష్మం. సిక్కు కోటాలో సీటడిగిన అమ్మాయిలు కనుబొమలు తీయించుకున్నారని సీటివ్వలేదు. కేసు పంజాబ్–హర్యానా హైకోర్టుకి వెళ్ళింది. కేశాలు కత్తిరించకుండా ఉంచుకోవడం సిక్కు మతంలో విడదీయరాని భాగమని 2009లో ఆ కోర్టు కాలేజీ పక్షానే తీర్పిచ్చింది. కనుబొమ వెంట్రుకలు కొద్ది నెలల్లో మళ్ళీ వస్తాయి. అక్కడ లెక్కకి వచ్చింది వెంట్రుక పొడవు కాదు, తీయించుకున్నారా లేదా అన్నదే.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున ఉన్నది అమెరికాలో, యూటా రాష్ట్రం ప్రొవో ఊళ్ళో, మోర్మన్లనే క్రైస్తవ శాఖవాళ్ళ చర్చి నడిపే బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం. అక్కడ మగపిల్లలు రోజూ నున్నగా గడ్డం గీసుకోవాలి. మోర్మన్ కాకపోయినా సరే, చేరే ప్రతి విద్యార్థీ ఆ నియమావళికి ఒప్పుకునే చేరాలి. తమాషా ఏమిటంటే, ఎవరి పేరు మీద ఆ విశ్వవిద్యాలయం ఉందో ఆ బ్రిగమ్ యంగ్ గారికే గడ్డం ఉండేది. మరి ఈ నియమం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, 1960ల చివర్లో అమెరికా కాలేజీల్లో జుట్టూ గడ్డం పెంచి హిప్పీలు, నిరసనకారులు తిరిగిన రోజుల నుంచి. 1971లో అక్కడి అధ్యక్షుడు డాలిన్ ఓక్స్ ఈ మాట దాచకుండానే చెప్పాడు: గడ్డంలో పాపమేమీ లేదు, ఇది ఈ కాలానికి అవసరమని పెట్టుకున్న నియమం, కాలం మారితే ఇదీ మారొచ్చు అని. అర్ధశతాబ్దం దాటింది. హిప్పీలు తాతలయ్యారు. నియమం అలాగే ఉంది.

2015లో మూడు మినహాయింపులు స్పష్టం చేశారు: చర్మవ్యాధి, మతాచారం, నాటకంలో వేషం. వీటిలో మొదటిది మనవాళ్ళలో చాలామందికి పనికొస్తుంది. ఉంగరాల వెంట్రుక రేజరుతో ఏటవాలుగా తెగితే కొన సూదిలా తయారవుతుంది. అది వంపు తిరిగి మళ్ళీ చర్మంలోకే దిగుతుంది, మెడ మీద ఎర్రగా పొక్కులు లేస్తాయి. అలాంటివాళ్ళు ముందు గడ్డాన్ని గోరువెచ్చటి నీళ్ళతో మూడు నిమిషాలు తడపాలి. చర్మాన్ని వేళ్ళతో లాగి పట్టుకోకూడదు. వెంట్రుక పెరిగే దిక్కునే గీయాలి, ఎదురు గీయకూడదు. నాలుగైదు బ్లేళ్ళ రేజరు వెంట్రుకని పైకి లాగి చర్మం లోపలికి కోస్తుంది కాబట్టి ఒక్క బ్లేడు రేజరే మేలు. అంతర్వేది, నరసాపురం వైపు బోరు ఉప్పునీళ్ళకి నురగ రాదు, బ్లేడు జారక రాసుకుపోతుంది. అక్కడ కాలవ నీళ్ళో, తాగే నీళ్ళో ఒక చెంబెడు పక్కన పెట్టుకోండి. ఇన్ని చేసినా పొక్కులు తగ్గకపోతే డాక్టరు చేత కాగితం రాయించుకోవలసిందే. పొక్కులు ఉన్నప్పుడే చూపించండి, మానాక వెళ్తే రాయడానికి ఏమీ ఉండదు.

రెండోది మతాచారం. మన ఇళ్ళలో గడ్డం అకస్మాత్తుగా పెరిగే సందర్భాలు మూడున్నాయి. ఇంట్లో పెద్దలు పోతే కర్మ జరిగేదాకా కత్తి ముట్టుకోరు. భార్య నీళ్ళోసుకుంటే భర్త క్షౌరం మానేస్తాడు, ఇది కొన్ని ఇళ్ళలో చాలా గట్టిగా పాటిస్తారు, పెళ్ళయి పరిశోధన చేస్తున్న కుర్రాళ్ళకి ఇదే పెద్ద గండం. మూడోది అయ్యప్ప మాల, 41 రోజులు. దీక్ష ముందే తెలిసిన తేదీ కాబట్టి మూడు వారాల ముందే కాగితం పెట్టొచ్చు. అందులో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, నియమావళిలో ఏ సంఖ్య గల నియమం నుంచి మినహాయింపు, గడ్డం ఎలా ఉంచుకుంటారు, దీక్ష అయ్యాక ఏ రోజున తీస్తారు, ఈ నాలుగూ ఉండాలి. గురుస్వామి ఉత్తరం జతచేయండి. రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. నోటిమాటతో ఊరుకుంటే ఏమవుతుందో చెబుతాను. సరే అన్న ప్రిన్సిపాలు గారు పరీక్ష రోజున గుమ్మంలో ఉండరు. ఉండేది ఎవరో ఇన్విజిలేటరు. ఆ కాపీ హాల్‌టికెట్టుతోపాటు జేబులో ఉండాలి.

కోర్టు మీద ఆశ పెట్టుకునేవాళ్ళకి ఒక మాట. రాజ్యాంగం 25వ అధికరణం వివరణలో సిక్కుల కృపాణం ప్రస్తావన ఉంది, వెంట్రుకల ప్రస్తావన లేదు. 30వ అధికరణం మైనారిటీలకి తమ విద్యాసంస్థలు తామే నడుపుకునే హక్కిచ్చింది. మధ్యప్రదేశ్‌లో ఒక కాన్వెంటు స్కూలు గడ్డం పెంచిన ముస్లిం కుర్రాణ్ణి రానివ్వలేదు. 2009 మార్చిలో సుప్రీంకోర్టు ఆ కుర్రాడి పిటిషన్ కొట్టేసింది, అదే ఏడు తన ఉత్తర్వు తానే వెనక్కి తీసుకుంది. ఈ లోపల చదువు ఆగిపోతుంది. మా దృష్టిలో ఇలాంటి తగువు ఆఫీసు బల్ల దగ్గరే తేల్చుకోవడం మేలు.

ఆడపిల్లల దగ్గరికొస్తే నియమం కంటే ఊరి అలవాటే బలమైనది. బైబిల్లో పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో, అంటే ఉత్తరంలో, స్త్రీల అలంకారానికి వద్దన్నవాటిలో జడలు, బంగారం, ముత్యాలు, ఖరీదైన బట్టలు ఉంటాయి. పూల ఊసే లేదు. మరి గోదావరి పల్లెల్లో పెంతెకొస్తు క్రైస్తవ సహవాసాల్లో చూడండి. బంగారం మానేశారు, పూలూ మానేశారు, జడ మాత్రం ఉంది. పూలు గుడికీ పేరంటానికీ గుర్తు కాబట్టి అవి వెళ్ళిపోయాయి, జడ తెలుగుదనం కాబట్టి మిగిలింది. గ్రంథంలో ఒకటుంటే తల మీద ఒకటుంది, అయినా ఎవరికీ ఇబ్బంది లేదు! బైబిలు కళాశాలలో చేరే అమ్మాయి ‘తల అలంకారం వద్దు’ అన్న వాక్యం కనిపిస్తే పూలా, రంగు రిబ్బనా, క్లిప్పా అని అడిగి రాయించుకోవాలి. ఒక్కొక్క చోట ఒక్కొక్క అర్థం.

అన్నవరంలోనో ద్వారకా తిరుమలలోనో తలనీలాల మొక్కుంటే కాలేజీ తెరిచే ముందు తీర్చుకోవడం పొరపాటు. జడ తప్పనిసరి అన్నచోట, గుండు నుంచి చిన్న జడ పడేసరికే ఏడాది దాటుతుంది. మూడు కత్తెర్లు ఇచ్చి రావడం ఉన్న పద్ధతే, అమ్మాయిలకి పెద్దలూ ఒప్పుకుంటారు. గుండే ఇస్తామని మొక్కితే ఆఖరి సంవత్సరం పరీక్షలయ్యాక పెట్టుకోండి.

కోనసీమ నుంచి కొబ్బరినూనె సీసాతో వెళ్ళే పిల్లలకి ఒకటి. 24 డిగ్రీల కింద అది గడ్డకడుతుంది. ప్రొవో చలిలో రాయే. పాడైందని పారేయకండి, వేణ్ణీళ్ళలో అయిదు నిమిషాలు ఉంచితే కరుగుతుంది. రాత్రి చెంచాడు రాసి పొద్దున తలంటుకుంటే చాలు. నీటుగా ఉండాలన్న నియమం ఉన్నచోట నూనె కారే నుదుటి మీద కూడా మాట పడుతుంది.

ఇంకొకటి, చిన్నదే. మన ఊళ్ళలో సెలూన్లకి మంగళవారం సెలవు. రిపోర్ట్ చేయవలసింది బుధవారం పొద్దున అయితే సోమవారం సాయంత్రమే వెళ్ళండి. నియమంలో జుట్టు కాలరుకి తగలకూడదని ఉంటే, కాలరున్న చొక్కా తొడుక్కుని వెళ్ళి, తిన్నగా నిలబడి, కాలరుకీ జుట్టుకీ మధ్య రెండు వేళ్ళు పట్టేలా తీయించండి. ఒక్క వేలే అయితే నెల తిరిగేసరికి మళ్ళీ వెళ్ళాలి.

నమస్కారం.