నాన్న అడిగిన చిన్న సాయం

(తెర నల్లగా ఉంటుంది. ఫోన్ రింగవుతుంది. గొంతులు మాత్రమే.)

"హలో, నాన్నా."

"ఆఁ. బాగున్నావా?"

"బాగున్నా. మీరు?"

"ఆఁ... ఉండు, అమ్మకిస్తున్నా."

(తెర వెలుగుతుంది. మాట్లాడే మనిషి కనిపిస్తారు.)

ఈ కాల్ చాలా ఇళ్లలో జరిగేదే. గొడవ లేదు, కోపమూ లేదు. అయినా మూడో మాటకే ఇద్దరికీ ఊపిరాడదు. ఫోన్ అమ్మ చేతికి వెళ్లాక గానీ తేలికపడరు. ఇదే ఇంట్లో ఒకరోజు మాటా మాటా పెరిగి, కొడుకు బ్యాగు సర్దుకుని వెళ్లిపోయాడనుకోండి. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఈ కాల్ కూడా ఉండదు. అలా మాటలు ఆగిపోయిన తండ్రీకొడుకులు మళ్లీ దగ్గరవ్వాలని తడుముకునే కథల గురించే ఈ వీడియో.

ఇలాంటి కథ ఎక్కడ దొరికినా వదలకుండా చూస్తాను, చదువుతాను. చూడగా చూడగా నాకు ఒకటి అర్థమైంది. ఈ కథల్లో మనసుని పట్టేసే ఘట్టం క్షమాపణ దగ్గర ఉండదు. "తప్పు నాదేరా" అన్న చోట మనకి కన్నీళ్లు వస్తాయి, నిజమే. కానీ అసలు ముడి విడిపోయేది వేరే చోట. ఇద్దరిలో ఒకరు రెండోవారిని ఏదో ఒకటి అడిగే చోట. చిన్నది. ఒక సాయమో, కాసేపు ఆడదామనో, ఒక రాత్రి ఉండిపొమ్మనో.

ముందు అసలు ఎడం ఎలా మొదలవుతుందో చూద్దాం. 1982లో వచ్చిన రమేష్ సిప్పీ సినిమా 'శక్తి'ని తీసుకోండి. దిలీప్ కుమార్, అమితాబ్ బచ్చన్ కలిసి నటించిన ఒకే ఒక్క సినిమా అది. తండ్రి పోలీసు అధికారి. రౌడీలు చిన్న పిల్లాణ్ని ఎత్తుకెళ్లి, మా మనిషిని వదిలితే నీ కొడుకుని వదులుతాం అని ఫోన్ చేస్తారు. తండ్రి లొంగడు. నా కొడుకుని చంపినా సరే, చట్టం తప్పను అంటాడు. ఆ మాట ఫోన్‌లో పిల్లాడి చెవిన పడుతుంది. అంతే. ఆ ఒక్క మాట ఆ పిల్లాడితో పాటే పెరిగి పెద్దదవుతుంది. తండ్రి లెక్కలో అది ధర్మం. కొడుకు లెక్కలో ఆ రోజే తనకి తండ్రి లేకుండా పోయాడు. ఇందులో ఎవరి లెక్క తప్పో చెప్పండి చూద్దాం. నేనైతే చెప్పలేను.

సరైన కథలన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి. ఒకే రోజు, ఒకే గది, రెండు జ్ఞాపకాలు. కొడుక్కి గుర్తున్న చెంపదెబ్బ తండ్రికి గుర్తే ఉండదు. తండ్రి కడుపు మాడ్చుకుని కట్టిన ఫీజు కొడుక్కి తెలియనే తెలియదు. ఎవరి ఫైలు వాళ్ల దగ్గర ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అందులో కాగితాలు పెరుగుతూనే ఉంటాయి.

ఫైలు అంటే గుర్తొచ్చింది. 1919 నవంబరులో రచయిత ఫ్రాంజ్ కాఫ్కా తన తండ్రికి ఒక ఉత్తరం రాశాడు. అప్పుడాయనకి 36 ఏళ్లు. చేతిరాతలో 100 పేజీలు దాటింది. చిన్నప్పటి భయం దగ్గర్నుంచి ఒక్కటీ వదల్లేదు. చివర్లో, నాన్న దీనికి ఏమని జవాబిస్తాడో అది కూడా తనే ఊహించి రాసేశాడు. ఆ ఉత్తరాన్ని తండ్రికి ఇమ్మని తల్లి చేతికిచ్చాడని, ఆవిడ ఇవ్వకుండా తిరిగి ఇచ్చేసిందని ఆయన స్నేహితుడు మాక్స్ బ్రోడ్ చెప్పాడు. అది తండ్రికి చేరనే లేదు. నాకు ఆ ఉత్తరం మీద ఎంతో గౌరవం. కానీ చదువుతుంటే ఒకటి తెలుస్తుంది. అవతలి మనిషి జవాబు కూడా మనమే రాసేస్తే, ఇక ఆయన మాట్లాడటానికి చోటెక్కడుంది?

(తెరపై: తెల్లకాగితం మీద ఆగిన కలం.)

నిజ జీవితంలోనూ ఇంతే. కార్నెల్ యూనివర్సిటీ సోషియాలజిస్టు కార్ల్ పిల్లెమర్ అమెరికాలో 1,300 మందికి పైగా పెద్దవాళ్లని సర్వే చేస్తే, 27 శాతం మంది కుటుంబంలో ఎవరో ఒకరితో తెగతెంపులైపోయామన్నారు. ఆయన తెగిపోయి మళ్లీ కలిసినవాళ్లతో కూడా కూర్చుని మాట్లాడారు. వాళ్లలో చాలామంది చేసింది ఏంటంటే, జరిగినదాని గురించి తమ మాటే నిజమని అవతలివాళ్లు ఒప్పుకోవాలన్న పట్టు వదిలేశారు. ఎవరిది తప్పో తేలలేదు. తేలకుండానే కలిశారు.

కథలు రాసేవాళ్లకి ఇది చాలా కష్టం. ప్రేక్షకుడికి తీర్పు కావాలి కదా! అందుకే మధ్యలో హాస్పిటల్ మంచం వచ్చేస్తుంది. డాక్టరు బయటికొచ్చి తల అడ్డంగా ఊపుతాడు, కొడుకు పరిగెత్తుకొస్తాడు. లేదా నాన్న పోయాక అల్మారాలో డైరీ దొరుకుతుంది, ఆయన ప్రేమంతా అందులో ఉంటుంది. ఈ రెండూ చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. చావు వచ్చి కలిపితే ఇక వాళ్లు కలిసిందెక్కడ? డైరీ మాట్లాడితే తండ్రి మాట్లాడినట్టా?

మన దగ్గరే ఉన్న కథ చూడండి. మహాభారతం, ఆశ్వమేధిక పర్వం. యాగాశ్వం వెనకాల అర్జునుడు మణిపురం చేరతాడు. అక్కడ రాజు బభ్రువాహనుడు. అర్జునుడికీ చిత్రాంగదకీ పుట్టినవాడు, తండ్రికి దూరంగా తల్లి దగ్గర పెరిగినవాడు. నాన్న వచ్చాడని తెలిసి వినయంగా, కానుకలతో ఎదురెళ్తాడు. అర్జునుడికి అది నచ్చదు. యుద్ధానికి వచ్చిన నాకు స్వాగతం చెప్తావా, ఇది క్షత్రియుడు చేసే పనేనా అని తిడతాడు. ఆ పిల్లాడు తల దించుకుని నిలబడిపోతాడు. చివరికి అర్జునుడి మరో భార్య, నాగకన్య ఉలూచి పురికొల్పితే విల్లు పట్టుకుంటాడు. నాన్న కోరినట్టే ఉండబోయి, నాన్న గుండెల్లోనే బాణం వేస్తాడు. తండ్రి కుప్పకూలితే తనూ మూర్ఛపోతాడు. ఉలూచి తెచ్చిన మణితో అర్జునుడు లేచి కూర్చుని, కొడుకుని గుండెలకి హత్తుకుంటాడు.

చాలామంది కథని ఇక్కడ ఆపేస్తారు. నాకు దీని తర్వాతదే ఇష్టం. అర్జునుడు కొడుకుని, మీ తల్లులిద్దర్నీ తీసుకుని యాగానికి రా అని పిలుస్తాడు. బభ్రువాహనుడు సరేనని, తనూ ఒకటి అడుగుతాడు. ఈ ఒక్క రాత్రి మన ఇంట్లో ఉండి, రేపు గుర్రం వెంట వెళ్లండి అని. చంపి, బతికించుకుని, అన్నీ అయిపోయాక ఆ కొడుక్కి కావలసింది ఒక్క రాత్రి. అర్జునుడు నవ్వి, నా దీక్ష నీకు తెలుసు కదా, గుర్రం ఎటు వెళ్తే అటు వెళ్లాలి, ఉండలేను అంటాడు. వెళ్లిపోతాడు. పని ఉంది అని బయల్దేరే తండ్రులందరూ నాకు అక్కడే కనిపిస్తారు. అయినా ఆ కొడుకు తర్వాత యాగానికి వెళ్తాడు. ఎందుకంటే తండ్రి రమ్మని అడిగాడు.

ఇక నేను ఎక్కువసేపు ఆగాల్సిన సినిమా. ఎలియా కజాన్ తీసిన 'ఈస్ట్ ఆఫ్ ఈడెన్', 1955. కాల్ అనే కుర్రాడిగా జేమ్స్ డీన్, తండ్రి ఆడమ్‌గా రేమండ్ మాస్సీ. తండ్రికి పెద్ద కొడుకు మంచివాడు, కాల్ చెడ్డవాడు. ఇంట్లో అది ఖాయమైపోయిన మాట. వ్యాపారంలో తండ్రి డబ్బంతా పోతుంది. కాల్ 5,000 డాలర్లు అప్పు తెచ్చి, చిక్కుడు పంట వేసి, మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ధర పెరిగితే అమ్మి, నాన్న పోగొట్టుకున్నదంతా సంపాదిస్తాడు. నాన్న పుట్టినరోజున నోట్ల కట్ట చేతిలో పెడతాడు. తండ్రి తీసుకోడు. యుద్ధం మీద సంపాదించిన డబ్బు నాకొద్దు, మీ అన్నలా మంచి బతుకు ఇవ్వు, అదే చాలు అంటాడు.

(తెరపై: రెండు చేతులు. ఒకటి ఇస్తోంది, ఒకటి వెనక్కి నెడుతోంది.)

స్క్రిప్టు ప్రకారం కాల్ అక్కడ మొహం తిప్పుకుని వెళ్లిపోవాలి. జేమ్స్ డీన్ వెళ్లలేదు. నోట్లు పట్టుకునే ఏడుస్తూ వెళ్లి తండ్రిని వాటేసుకున్నాడు. మాస్సీకి ముందు తెలియదు. ఏం చెయ్యాలో తోచక బిగుసుకుపోయి, "కాల్! కాల్!" అని మాత్రం అనగలిగాడు. కజాన్ అదే టేక్ ఉంచేశాడు. ఆ బిగుసుకుపోవడం చూడండి. అది నటన కాదు. కొడుకు మీద పడి ఏడుస్తుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని తండ్రి అది. ఆ చేతులు మనలో చాలామందికి బాగా తెలుసు.

చివర్లో తండ్రికి పక్షవాతం వస్తుంది. అవును, ఇక్కడా మంచమే. కానీ కజాన్ ఆ మంచాన్ని ఏడిపించడానికి వాడుకోలేదు. ఆబ్రా అనే అమ్మాయి ఆడమ్ దగ్గర కూర్చుని బతిమాలుతుంది. మీరు ప్రేమిస్తున్నారని అతనికి తెలియాలి, ఏదో ఒకటి అడగండి, సాయం చెయ్యనివ్వండి అని. కదల్లేని తండ్రి కొడుకు చెవిలో ఏదో అంటాడు. ఆ నర్సుని భరించలేకపోతున్నాను, పంపించెయ్, నువ్వే ఉండి నన్ను చూసుకో. క్షమించు అన్న మాటే లేదు. కొడుకు కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంటాడు.

ఇచ్చినంతసేపూ ఆ తండ్రి తీసుకోలేదు. అడిగిన రోజున కొడుక్కి తండ్రి దొరికాడు.

దీనికి అవతలి కొస మన 'బొమ్మరిల్లు', 2006. ప్రకాష్ రాజ్ పాత్ర కొడుక్కి అన్నీ ఇస్తుంది. బట్టలు, ఉద్యోగం, పెళ్లి కూతురు. నీకేం కావాలి అని మాత్రం అడగదు. చిన్నప్పుడు నడక నేర్పడానికి పట్టుకున్న చెయ్యి పాతికేళ్లొచ్చినా వదలదు. అక్కడ ఎవరూ ఇల్లు విడిచి వెళ్లిపోలేదు, మాటలూ మానలేదు. ఒకే ఇంట్లో, ఒకే టేబుల్ దగ్గర ఉంటూ ఉన్న ఎడం అది. ఆ క్లైమాక్స్‌లో నాకు గొప్పగా అనిపించేది కొడుకు మాట్లాడటం కాదు, ఆ తండ్రి మధ్యలో అడ్డుపడకుండా వినడం.

1989 నాటి 'ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్' గురించి ఒక్క విషయం. అందులో కొడుకు 14వ ఏట తండ్రితో బేస్‌బాల్ బంతి విసురుకుంటూ ఆడటం మానేస్తాడు. 17వ ఏట మనసు విరిగే మాట అని ఇల్లు వదులుతాడు. ఆ మాట వెనక్కి తీసుకునేలోపే తండ్రి పోతాడు. చివర్లో ఒక మాయ జరిగి, ఆ తండ్రి పడుచు వయసులో మైదానంలో కనిపిస్తాడు. కొడుకు అడుగుతాడు, కాసేపు బంతి ఆడదామా అని. షూటింగులో ఆ ప్రశ్న అంతవరకే ఉంది. ముందుగా చూసిన ప్రేక్షకులకి ఏదో వెలితిగా అనిపించింది. అప్పుడు డబ్బింగులో ఒక్క మాట కలిపారు. "నాన్నా." ఆ సీన్ ఇప్పుడు ఆ మాట మీదే నిలబడింది. పిలుపు, అడగడం, రెండూ ఒకే వాక్యంలో.

ఒకటి గట్టిగా చెప్పాలి. ప్రతి తండ్రితోనూ కలిసిపోవాలని ఏ కథా మనల్ని బలవంతం చెయ్యకూడదు. విక్రమాదిత్య మోట్వానీ 'ఉడాన్', 2010. నాన్నని "సర్" అని పిలవాల్సిన ఇల్లు. బెల్టు దెబ్బలు. రోజూ పొద్దున్నే తండ్రితో పరుగు, రోజూ ఓటమి. చివర్లో కొడుకు ఆ పరుగులోనే తండ్రికి అందకుండా తప్పించుకుంటాడు, తర్వాత ఆరేళ్ల తమ్ముణ్ని వెంటబెట్టుకుని వెళ్లిపోతాడు. అక్కడ కలిపేసి ఉంటే ఆ పిల్లలకి అన్యాయం చేసినట్టే. మీ ఇంట్లో అలాంటి తండ్రి ఉంటే, దూరంగా ఉండటం మీ తప్పు కాదు.

(సంగీతం నెమ్మదిస్తుంది.)

చివరిగా నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేని సీన్. విమ్ వెండర్స్ తీసిన 'పారిస్, టెక్సాస్', 1984. నాలుగేళ్లు కనబడకుండా పోయిన తండ్రి తిరిగొస్తాడు. కొడుక్కి ఎనిమిదేళ్లు నిండబోతున్నాయి. బాబాయ్ ఇంట్లో, వాళ్లనే అమ్మానాన్నలని పిలుస్తూ పెరుగుతున్నాడు. బడి దగ్గరికి వెళ్లి, నడిచి ఇంటికెళ్దామా అని తండ్రి అడిగితే, మొదటిరోజు పిల్లాడు స్నేహితుడి కారెక్కి వెళ్లిపోతాడు. తండ్రికి కోపం రాదు. ఇంట్లో పనిచేసే ఆవిడని అడుగుతాడు, తండ్రి అంటే చూడ్డానికి ఎలా ఉండాలి అని. ఆవిడ సూటు తొడిగించి, తల ఎత్తి ఎలా నడవాలో నేర్పిస్తుంది.

మర్నాడు మళ్లీ వెళ్తాడు. ఈసారి పిల్లాడు కారెక్కడు. రోడ్డుకి ఈ పక్క తండ్రి, ఆ పక్క కొడుకు, మధ్యలో కార్లు. తండ్రి ఎలా నడిస్తే పిల్లాడు అటువైపు అలా నడుస్తాడు. తండ్రి తిరిగి చూస్తే తనూ చూస్తాడు. చాలాసేపు, మాట లేకుండా, ఒకరి అడుగు ఒకరు వేస్తూ.