ప్రోస్టేట్ ఆపరేషన్: రోబోకి పెట్టే అదనపు డబ్బుకి ఏమొస్తుంది?

నాన్నకి ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నారు, ల్యాప్రోస్కోపీకి ఒక రేటు, రోబోకి అంతకంటే చాలా ఎక్కువ రేటు చెప్పారు, ఏది చేయించాలో తెలియక ఇంట్లో అందరికీ టెన్షన్. అప్పు చేసే ముందు ఈ వీడియో చూడండి.

(స్క్రీన్ మీద: పొట్టపై చిన్న కోతల బొమ్మ)

రెండిట్లోనూ కోతలు చిన్నవే, తీసేది అదే గ్రంథి. ల్యాప్రోస్కోపీలో సర్జన్ పొడవాటి పరికరాలను నేరుగా చేత్తో పట్టుకుంటారు. రోబోలో పక్కనే కన్సోల్ ముందు కూర్చుని నడుపుతారు, పరికరం కొన మణికట్టులా తిరుగుతుంది. ప్రోస్టేట్ తీశాక మూత్రాశయాన్ని మూత్రం బయటికి వెళ్లే గొట్టంతో కలిపి కుట్టాలి కదా, ఆ ఇరుకులో సూది తిప్పడం దగ్గరే ఇది బాగా పనికొస్తుంది. అంతేగానీ రోబో సొంతంగా ఏదీ కొయ్యదు.

(స్క్రీన్ మీద: 54 - 46)

జర్మనీలో పేషెంట్లను లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేసి పోల్చారు, ఫలితాలు 2021లో వచ్చాయి. ఆపరేషన్ అయిన మూడు నెలలకి మూత్రం లీకవడం ఆగి అదుపులోకి వచ్చినవాళ్లు రోబో గుంపులో 54 శాతం, ల్యాప్రోస్కోపీలో 46. తేడా ఉంది, కానీ హాస్పిటల్ బ్రోషర్లు చెప్పేంత లేదు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రోబోని పెద్ద కోత ఆపరేషన్‌తో పోలిస్తే రక్తం పోవడం బాగా తగ్గింది, ఇంటికీ త్వరగా వెళ్లారు, రెండేళ్లకి చూస్తే మాత్రం మూత్రం అదుపు, లైంగిక శక్తి రెండు వైపులా దాదాపు ఒకటే.

ఇక ఖర్చు. మిషన్ ధర కోట్లలో, ఏటా మెయింటెనెన్స్ వేరే, పైగా డావిన్సీ అనే రోబో మిషన్ పరికరాలకి ఇన్నిసార్లే అని లెక్క ఉంటుంది, అది దాటితే మిషన్ వాటిని తీసుకోదు. ఇదంతా పేషెంట్ల బిల్లులోకే వస్తుంది. మన దేశంలో తయారైన ఎస్ఎస్ఐ మంత్ర లాంటి రోబోలు వచ్చాయి కాబట్టి ఏ మిషన్‌తో చేస్తారో కూడా అడగండి, ఎస్టిమేట్‌లో పరికరాల చార్జీ విడిగా రాయించుకోండి.

నా మాటైతే, కొత్తగా రోబో పట్టిన సర్జన్ కంటే ఏళ్ల తరబడి ల్యాప్రోస్కోపీ చేస్తున్న సర్జనే నయం. ఇప్పటిదాకా ఎన్ని ప్రోస్టేట్లు తీశారు, ఏడాది తర్వాత ఎంతమందికి మూత్రం లీక్ కోసం ప్యాడ్ అవసరం లేదు అని మొహమాటపడకుండా అడగండి.

వీటన్నిటికంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది: అసలు ఆపరేషన్ ఇప్పుడే కావాలా? బ్రిటన్‌లో గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్నవాళ్లని 15 ఏళ్లు గమనిస్తే, ఆపరేషన్ అయినా, రేడియేషన్ అయినా, పీఎస్ఏ అనే రక్తపరీక్ష చూస్తూ ఆగినా, ఆ క్యాన్సర్‌తో పోయినవాళ్లు నూటికి ముగ్గురే. రిస్క్ తక్కువ రకమైతే నాన్నకి కొంతకాలం ఆగే వీలుందేమో బయాప్సీ రిపోర్టు పట్టుకెళ్లి ఇంకో యూరాలజిస్టుని అడగండి.