ముందు రికార్డింగు, ఆ తర్వాతే స్పీకరు

(అమలాపురంలో సంగీతప్రియుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నన్ను ఇక్కడికి పిలిచినప్పుడు ఫోన్లో అడిగిన మొదటి మాట, "ఎంతలో ఏ స్పీకర్లు కొనాలో కూడా చెబుతారా అండి?" అని. చెబుతాను, కానీ తర్వాత, అదీ రెండు ముక్కల్లోనే. ఎందుకంటే సరిగ్గా రికార్డు కాని పాటను లక్ష రూపాయల స్పీకర్లలో పెడితే, దాని లోపాలు మరింత స్పష్టంగా వినిపిస్తాయి, అంతకు మించి ఏమీ జరగదు. రికార్డింగు బాగుంటే నాలుగైదు వేల రూపాయల హెడ్‌ఫోన్ కూడా మిమ్మల్ని కుర్చీలోంచి లేవనివ్వదు. మన డబ్బంతా పెట్టెల మీద పోతోంది, శ్రద్ధ మాత్రం పాట మీద పెట్టడం లేదు.

బాగా రికార్డయిందంటే ఏమిటి? వీణ తీసుకుందాం. వీణ దగ్గర కూర్చుని విన్నవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉంటారు. గోరు తీగను మీటగానే ముందు చిన్నగా టక్కుమంటుంది, ఆ వెంటనే నాదం నిండుగా పరుచుకుంటుంది. ఎడమచేతి వేలు మెట్టు మీద తీగను పక్కకు లాగుతుంటే సన్నని రాపిడి వినబడుతుంది. మొదటి స్వరం పూర్తిగా ఆరకముందే, అదే మీటులోంచి గమకం, అంటే స్వరాన్ని ఊపే ఊపు, పుడుతుంది. మధ్యమధ్యలో చిటికెన వేలు తాళం తీగల్ని తాకుతుంది. మంచి రికార్డింగులో ఇవన్నీ ఉంటాయి. ముఖ్యంగా నాదం ఆరిపోయే ఆ చివరి అంచు ఉంటుంది. చెడ్డదాంట్లో మీటు దెబ్బ ఒకటే ముందుకొచ్చి, వెనకాలదంతా ఎకోలో కలిసిపోతుంది.

వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారు 1922లో ఇక్కడికి దగ్గర్లోనే, ద్రాక్షారామంలో పుట్టారు. ఆయన శిష్యుడు చిట్టిబాబు గారిది కాకినాడ. వీళ్ల వాదనం గురించి వేరే చెప్పక్కర్లేదు. కానీ వాళ్ల రికార్డుల్లో ఏది మంచిదో ఎంచుకునేటప్పుడు వాద్యం ఎంత గొప్పగా ఉందో చూసుకున్నాక, ఆ చివరి అంచు ఎంతవరకు వినిపిస్తోందో కూడా చూడండి. ఒకే రికార్డింగు వేర్వేరు ప్రతుల్లో దొరికినప్పుడు తేడా తెలిసిపోయేది అక్కడే.

పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారి సంగతి వేరు. ఆయనది ఎలక్ట్రిక్ మాండలిన్. ఆ నాదం తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే పికప్ నుంచి యాంప్లిఫయర్‌లోకి వెళ్లి బయటికొచ్చినదే తప్ప, దానికి గాలిలో విడిగా ఒక అసలు రూపం అంటూ లేదు. అందుకని స్పీకర్లు పరీక్షించడానికి ఆయన కచేరీ పెట్టుకుంటే చెవి మాండలిన్ మీద కాకుండా పక్కనున్న వయొలిన్ మీద, మృదంగం మీద పెట్టాలి. మృదంగం వలంతల, అంటే కుడి ముఖం, మీద దెబ్బ గణగణలాడాలి. ఎడంతల మీద రవ్వముద్ద అద్దిన చోట చేత్తో నొక్కి జరిపే గుంకి నాదం దిగినప్పుడు, ఆ స్వరం జారడం తెలియాలి. ఉత్త 'ధబ్' మని మోగిందంటే రికార్డింగులోనో, స్పీకర్లోనో ఏదో తేడా ఉన్నట్టే.

అసలు నాదం ఎలా ఉంటుందో తెలియకుండా రికార్డింగు బాగుందో లేదో తేల్చలేం. ఇప్పుడు కచేరీకి వెళ్లినా మనకు వినిపించేది హాల్లో పెట్టిన స్పీకర్లే. అదృష్టం ఏమిటంటే, ఈ డెల్టాలో మైకు లేని శబ్దం ఇంకా మిగిలి ఉంది. కోనసీమ అగ్రహారాల్లో నలుగురు కూర్చుని ఘనపాఠం, అంటే మాటల్ని ముందుకూ వెనక్కీ తిప్పి చెప్పే వేదపఠనం, చెబుతుంటే వెళ్లి దగ్గర్లో నిలబడండి. నాలుగు గొంతులు కలిసినా ఎవరి గొంతు వారిదిగానే ఉంటుంది, ఎవరు ఎటువైపున ఉన్నారో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. కపిలేశ్వరపురంలో హరికథ పాఠశాల ఉంది. హరిదాసు చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు దగ్గర్నుంచి వినండి. ఆ చురుకైన శబ్దాన్ని ముతకబారకుండా పట్టిన రికార్డింగు దొరికితే దాచుకోండి. పెళ్లిలో సన్నాయి పక్కన నిలబడితే సెల్‌ఫోన్ వీడియోలో అది ఎందుకంత పీలగా ఉంటుందో అర్థమవుతుంది. ఈ విషయంలో పట్నం వాళ్ల కంటే మనమే నయం అని నా అభిప్రాయం. ఆయ్, కాస్త పక్షపాతమే అనుకోండి.

ఇక పాటను చెడగొట్టే వాటి గురించి. సీడీ 1982లో వచ్చింది. అతి మెల్లని శబ్దానికీ అతి గట్టి శబ్దానికీ మధ్య సుమారు 96 డెసిబెల్స్ తేడాను అది పట్టగలదు. అంత చోటు దొరికాక జరిగిందేమిటి? 1990ల నుంచి, పక్కవాడి పాట కంటే మన పాట గట్టిగా మోగాలన్న పోటీ మొదలైంది. మెల్లగా ఉన్న చోట్లను పైకి లేపారు, గట్టిగా ఉన్న చోట్ల తల కోశారు. మృదంగం దెబ్బా, తంబురా శ్రుతీ ఒకే మట్టానికి వచ్చేశాయి. అలాంటి పాటలు మొదటి నిమిషం హుషారుగా ఉంటాయి, అరగంటకు తలనొప్పి తెస్తాయి. అంతకు ముందే పాత సినిమా పాటల మీద కొత్త డ్రమ్ములు అతికించి 'ఝంకార్ బీట్స్' అని క్యాసెట్లు అమ్మారు గుర్తుందా? దాని గురించి ఇంకేం మాట్లాడను.

దీన్ని కళ్లతో చూడొచ్చు కూడా. ఆడాసిటీ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. పాటను అందులో తెరిస్తే తరంగం బొమ్మ వస్తుంది. ఎగుడుదిగుళ్లతో, అక్కడక్కడా పైకి లేచే మొనలతో ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. మొదటి నుంచి చివరి దాకా ఇటుకలా పలకబారి ఉంటే ఆ ప్రతిని వదిలేసి, అదే పాట పాత విడుదల కోసం వెతకండి. 'రీమాస్టర్', అంటే పాత రికార్డింగును మళ్లీ సరిచేసి తెచ్చింది అన్న మాట చూసి మురిసిపోకండి. చాలాసార్లు పాత సీడీయే మేలు. రెండు ప్రతులు పోల్చేటప్పుడు ముందు వాటి వాల్యూం సమానం చేసుకోండి. ఏ కాస్త గట్టిగా ఉన్నది పెట్టినా అదే బాగుందని చెవి మోసపోతుంది. దుకాణాల్లో ఖరీదైన స్పీకర్లు అమ్ముడుపోవడంలో ఈ కిటుకుకూ వాటా ఉంది.

సహజంగా రికార్డు చేయడం ఎలా ఉంటుందో వినాలంటే నేను చెప్పే మొదటి పేరు 'ఎ మీటింగ్ బై ద రివర్'. గిటార్‌ను మార్చి చేసిన మోహన వీణ మీద విశ్వమోహన్ భట్, గిటార్ మీద రై కూడర్. కాలిఫోర్నియాలో ఒక చర్చిలో వాటర్ లిలీ అకూస్టిక్స్ వాళ్లు రికార్డు చేసి 1993లో విడుదల చేశారు, మరుసటి ఏడాది గ్రామీ వచ్చింది. వాద్యానికో మైకు పెట్టి తర్వాత కలపలేదు. ఒక జత మైకులు పెట్టి, అందరూ ఒకేసారి వాయిస్తుంటే పట్టారు. ఆ పద్ధతి అలన్ బ్లూమ్‌లైన్ అనే బ్రిటిష్ ఇంజనీరుది. స్టీరియోకి ఆయన 1931లోనే పేటెంటు దరఖాస్తు పెట్టాడు. ఈ రికార్డింగులో రెండు తీగ వాద్యాలు, తబలా ఎక్కడెక్కడ ఉన్నాయో తెలియడమే కాదు, వాటి మధ్య ఖాళీ కూడా వినిపిస్తుంది. కర్ణాటక సంగీతానికి వస్తే, చెన్నై డిసెంబరు కచేరీలను రికార్డు చేసి తెచ్చిన చార్సూర్ వాళ్ల సీడీలు వెతకండి. సభలో దగ్గులూ చప్పట్లూ ఉంటాయి, ఉండనివ్వండి.

అంకెల గురించి టెన్షన్ పడకండి. 44.1 కిలోహెర్ట్జ్ సీడీ, అంటే శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచేది, దాదాపు 22 వేల హెర్ట్జ్ దాకా పట్టగలదు. మనిషి చెవి హద్దు 20 వేలు, అదీ కుర్రతనంలో. ఈ హాల్లో నా వయసు వాళ్లకు 12 వేలు దాటి వినిపిస్తే సంతోషించాలి. 192 కిలోహెర్ట్జ్ ఫైలు కోసం ఎక్కువ డబ్బు పెట్టడం కంటే ఆ డబ్బుతో ఇంకో మంచి రికార్డింగు కొనుక్కోవడం మేలు. సీడీ నాణ్యతలో, శబ్దం ఏమీ పోకుండా కుదించే ఫ్లాక్ ఫైలు రూపంలో ఉంటే చాలు.

అలాగని శబ్దం బాగుంటేనే వింటానని భీష్మించుకోవద్దు. శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు విజయవాడ రేడియో కేంద్రంలో ఉన్న రోజుల్లో భక్తిరంజని అనే భక్తి పాటల కార్యక్రమం మొదలైంది. మీడియం వేవ్‌లో అది మన ఊళ్లకు ఎంత సన్నగా చేరేదో పెద్దవాళ్లకు తెలుసు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి గ్రామఫోను రికార్డులు ఒక్కో వైపు మూడు నిమిషాలే, పైగా గరగర. అయినా ఆ కమాను పట్టు వినిపిస్తూనే ఉంటుంది. పాత రికార్డులు వినబుద్ధి కాకుండా చేసే సిస్టమ్ ఎంత ఖరీదైనదైనా నాకొద్దు.

ఇప్పుడు గది. మన కొత్త ఇళ్లలో స్లాబు, టైల్స్, ఖాళీ గోడలు. చప్పట్లు కొట్టి చూడండి, చప్పుడు గోడల మధ్య గణగణా తిరుగుతుంది. దుప్పటో, తివాచీయో, పుస్తకాల బీరువానో ఏదో ఒకటి అడ్డం పడాలి. దాళ్వా, అంటే రెండో పంట, మాసూళ్లయ్యాక ధాన్యం బస్తాలు హాల్లో పేర్చిన ఇంట్లో పాట విన్నాను. స్టూడియోకి తీసిపోలేదు, ధాన్యం అమ్మేదాకా. స్పీకర్లను గోడకు ఆనించకుండా రెండడుగులు ముందుకు జరిపి, వాటి మధ్య ఎంత దూరం ఉందో మీరు కూడా వాటికి అంతే దూరంలో కూర్చోండి. పైనున్న చిన్న స్పీకరు చెవి ఎత్తులో ఉండాలి. ఇంత చేశాక సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే వీణ చివరి అంచు దాని కిందే పోతుంది. మే నెలలో కోనసీమలో ఫ్యాను ఆపమనడం న్యాయం కాదు, కాబట్టి మంచి రికార్డింగులను తెల్లవారుజాము కోసం అట్టే పెట్టుకోండి. చేపల, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్లు మోగే ఊళ్ల వాళ్లకు మాత్రం నా దగ్గర ఉపాయం లేదు.

స్పీకర్ల గురించి రెండు ముక్కలు అన్నాను కదా. మీకు బాగా తెలిసిన రెండు మంచి రికార్డింగులు పట్టుకెళ్లి దుకాణంలో అవే పెట్టమనండి, వాళ్లు పెట్టేవి వినకండి. బాస్ అదిరిపోయే జతను కొనకండి.

చివరగా ఒక పని చెబుతాను. మన ఇళ్లలో అటకల మీద పెళ్లి కచేరీల, హరికథల, ఆలయ ఉత్సవాల క్యాసెట్లు, స్పూళ్లు (చక్రాలకు చుట్టిన టేపులు) ఉన్నాయి. ఈ తేమకు వాటి మీద తెల్లటి బూజు పడుతుంది. బూజు పట్టిన టేపును అలాగే ప్లేయర్లో పెడితే టేపును చదివే హెడ్డూ పాడవుతుంది, టేపూ తెగుతుంది. ముందు పొడిచోట సిలికా జెల్ సంచులతో ఆరనిచ్చి, మెత్తని బట్టతో మెల్లగా తుడిపించండి. హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రం చేశాకే నడపండి. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు 24 బిట్లలో తీసుకోండి. గరగర తీసేసే ఫిల్టర్లు వెయ్యకండి, ఆ గరగరతో పాటు గాయకుడి ఊపిరీ పోతుంది. కావాలంటే తర్వాత ఇంకో ప్రతి చేసి దాని మీద ప్రయోగాలు చేసుకోండి. పాడినవాళ్లెవరు, పక్కవాద్యాలెవరు, ఏ ఊళ్లో, ఏ సంవత్సరం అన్నది ఫైలు పేరులోనే రాయండి. క్యాసెట్ అట్ట మీద 'పాటలు – 3' అని మాత్రమే ఉంటే, ఇంట్లో పెద్దవాళ్లను ఈ వారంలోనే కూర్చోబెట్టి అడిగి రాసుకోండి.