ఊరేదీ అని అడిగిన పిల్లలకు

అందరికీ నమస్కారం. ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలో చెప్పమన్నారు. నేను ఒక్క ఊరి గురించే చెబుతాను. దాని పేరు నికోడెమస్. అమెరికాలో మనం ఉంటున్న కాన్సస్ రాష్ట్రంలోనే, వాయవ్య మూల గ్రాహం కౌంటీలో, 24వ నంబరు హైవే పక్కన ఉంది. పాతికమందైనా ఉండరు. మేయరు లేడు, నగర కౌన్సిల్ లేదు. మన వైపు అయితే పంచాయతీ లేని శివారు పల్లె అంటాం.

మొదటిసారి వెళ్లినప్పుడు మా పెద్దవాడు కారు దిగి చుట్టూ చూసి, "నాన్నా, ఊరేదీ?" అన్నాడు. నాలుగు పాత కట్టడాలు, గడ్డి, గాలి. "ఇదేరా" అని రెండు ఫొటోలు తీసి, అరగంటలో వెనక్కి తిప్పాను. తప్పు నాదే. ఏమీ చదువుకోకుండా వెళ్లాను, వాడికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇంటికొచ్చాక చదివితే తెలిసింది, సరిగ్గా ఆ ప్రశ్నే 1878లో ఒక తల్లి అడిగిందని. ఆమె నల్లజాతి మహిళ విలియానా హిక్‌మన్. కెంటకీ రాష్ట్రం నుంచి రైల్లో కాన్సస్‌లోని ఎల్లిస్ ఊరి దాకా వచ్చి, అక్కడి నుంచి 50 కిలోమీటర్లకు పైగా మైదానంలో ప్రయాణం చేశారు. ముందున్నవాళ్లు "అదిగో నికోడెమస్" అని అరిచారు. ఈమెకు ఏమీ కనపడలేదు. ఊరెక్కడ అని అడిగితే, భర్త నేలలోంచి లేస్తున్న పొగ చూపించాడట. జనం నేలను తవ్వుకుని అందులో కాపురం ఉంటున్నారు. ఆమె ఏడ్చేసింది. ఈ కథ చెప్పిన రాత్రి మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేలలో ఇల్లెలా కడతారు?" అన్నాడు.

మర్నాడు పెరట్లో ముగ్గుపిండితో పదడుగుల చదరం గీశాం. ఇందులో అమ్మా నాన్నా పిల్లలూ పడుకోవాలి, పొయ్యీ ఇందులోనే అన్నాను. పిల్లలు పడుకుని చూశారు. కాళ్లు గీత దాటాయి. వాడికి పార ఇచ్చాను. గడ్డి వేళ్లు చాపలా అల్లుకుని ఉంటే పార దిగలేదు. మన పెరట్లోని గడ్డికే అంత కష్టమైతే, ఎన్నడూ దున్నని ప్రెయరీ, అంటే గడ్డి మైదానపు నేల ఎలా ఉంటుంది? నికోడెమస్‌కు మొదట వచ్చినవాళ్లకు నాగళ్లు, గుర్రాలు దాదాపు లేవు, పారలతో గునపాలతో తవ్వి విత్తారు. ఆ మొదటి చలికాలం ఒసేజ్ అనే అమెరికా ఆదివాసీ తెగ వేటగాళ్లు తమ మాంసంలో వాటా ఇచ్చి ఆదుకున్నారని ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఎందుకు వచ్చారంటే, బానిసత్వం పోయినా అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో సొంత నేల దక్కలేదు కాబట్టి. 1877లో నల్లజాతి వాళ్లు తమ కోసం వేసుకున్న ఊరు ఇది. అయితే ఒక్క మాట. పిల్లలకు కష్టాలు మాత్రమే చెప్పి ఆపకండి, జాలి ఒక్కటే మిగులుతుంది. కొన్నేళ్లలోనే ఇక్కడ హోటళ్లు, పత్రికలు, చర్చిలు, బడి వచ్చాయి. ఈ ఊళ్లో ఉన్న ఎడ్వర్డ్ మెక్‌కేబ్ 1882లో రాష్ట్ర ఆడిటర్‌గా, అంటే ప్రభుత్వ లెక్కలు చూసే అధికారిగా ఎన్నికయ్యాడు. అదీ చెప్పండి. తర్వాత 1888లో రైలు మార్గం ఊరిని వదిలేసి సోలమన్ నదికి అవతల నుంచి పోయింది. దుకాణాలు దాని వెంటే వెళ్లిపోయాయి. మ్యాపు ముందు పెట్టి, రైలు ఎటు పోతే ఊరు ఎటు పోయిందో వాళ్లనే వేలు పెట్టి చూపించమనండి.

రెండోసారి వెళ్లినప్పుడు మావాడు కారు దిగి, "పొగ ఎటు వైపు కనపడి ఉంటుంది?" అని అడిగాడు. టౌన్‌షిప్ హాల్ సున్నపురాయి గోడ మీద అరచేయి పెట్టి, ఉలి దెబ్బల గరుకు తడుముతూ గోడ చివరిదాకా నడిచాడు.

ఇంకొకటి, ఇది నాకు ముఖ్యం. 1996లో ప్రభుత్వం దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించినా, ఇది మ్యూజియం కాదు, మనుషులు కాపురముంటున్న ఊరు. ఇళ్ల ముంగిళ్లలోకి పోకూడదు, అడగకుండా ఫొటో తీయకూడదు. పెద్దవాళ్లు కనిపిస్తే ముందు పలకరించాలి. వాళ్లు చెబుతుంటే మనం మధ్యలో తెలుగులో అర్థం చెప్పడం ఆపాలి, పిల్లలు నేరుగా విననివ్వాలి.

జూలై ఆఖరి వారాంతంలో ఆ ఊరి వారసులు ఎక్కడెక్కడి నుంచో హోమ్‌కమింగ్‌కి, అంటే సొంతూరి కలయికకు వస్తారు. ఈసారి మేం అప్పుడే వెళ్తున్నాం, రావాలనుకునేవాళ్లు ప్రసంగం అయ్యాక నన్ను కలవండి. దారిలో చెట్టు నీడ తక్కువ. నీళ్లు, టోపీలు పెట్టుకోండి. విలియానా హిక్‌మన్ కథ మాత్రం బయల్దేరే ముందురోజే పిల్లలకు చెప్పి తీసుకురండి.