తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా

శ్రోతలకు నమస్కారం.

పల్లెటూరి ఇంట్లో పొద్దున తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఎవరు ఎక్కడుంటారో ఒకసారి తలుచుకోండి. మగవాళ్ళు పొలానికి వెళ్ళిపోయారు. పెద్దపిల్లలు బడికి వెళ్ళారు. తల్లి పొయ్యి దగ్గరో, అంట్ల దగ్గరో, బట్టలుతికే బండ దగ్గరో ఉంది. ఇంట్లో ముసలమ్మ ఉంటే అరుగు మీద కునుకు తీస్తోంది. మరి ఏడాదిన్నర పిల్లాడెక్కడ? "ఇప్పుడే ఇక్కడే ఉన్నాడండీ" అంటారు.

పిల్లల క్షేమం కోసం మనం ఇచ్చే విరాళం ఎక్కడ పెడితే బాగా పనిచేస్తుందనే మాటకి నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. అది బంగ్లాదేశ్‌ది. ఉన్న కాస్త సమయంలో దాన్నే పూర్తిగా చెబుతాను.

బంగ్లాదేశ్ చాలామటుకు పల్లపు నేల. ఇల్లు కట్టాలంటే ముందు మెరక చెయ్యాలి. మెరక చెయ్యడానికి మట్టి కావాలి. ఆ మట్టి పక్కనే తవ్వుతారు. తవ్విన గొయ్యి వానలకి నిండి గుంట అవుతుంది. అందులోనే చేపలు పెంచుతారు, గిన్నెలు తోముకుంటారు, స్నానాలు చేస్తారు. ఇల్లు ఎప్పటిదో ఆ గుంటా అప్పటిదే. గడప దిగి నాలుగడుగులు వేస్తే నీళ్ళు.

2003లో ఆ దేశమంతటా ఇంటింటికీ తిరిగి ఒక సర్వే చేశారు. ఏడాది నిండిన దగ్గర నుంచి పదిహేడేళ్ళ దాకా పిల్లల ప్రాణాలు తీస్తున్నవాటిలో మొదటిది జ్వరమో, విరేచనాలో కాదు, నీళ్ళలో మునిగిపోవడమని తేలింది. పసిపిల్లల సంగతి విడిగా చూస్తే ఎక్కువమంది మునిగింది పగటిపూట, ఇంటి పక్కనే. పొద్దున తొమ్మిదికీ మధ్యాహ్నం ఒంటిగంటకీ మధ్య.

పసిబిడ్డ మునిగేటప్పుడు చప్పుడుండదు. నోట్లో నీళ్ళు పోయాక ఏడుపు రాదు. తల్లి పది గజాల దూరంలో ఉన్నా వినపడదు.

కంచె వేస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. రోజుకి ఇరవైసార్లు బిందె పట్టుకుని వెళ్ళే చోట కంచె తలుపు మూసి ఉండదు. పైగా వెదురు కంచె వానలకి చీకిపోతుంది. గుంట పూడ్చేద్దామంటే అది ఆ ఇంటికి జీవనాధారం.

అక్కడ గాయాల నివారణ మీద పనిచేసే సీఐపీఆర్‌బీ అనే సంస్థ 2006లో యూనిసెఫ్ సాయంతో వేరే దారి పట్టింది. నీళ్ళని ఆపలేకపోతే ఆ నాలుగు గంటలూ పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే మనిషిని పెడదామనుకుంది. అంతకంటే పెద్ద కిటుకేమీ లేదు. ఊళ్ళోనే ఉన్న, కాస్త చదువుకున్న ఒకావిడని ఎంచుకుని శిక్షణ ఇస్తారు. ఆవిడ ఇంట్లోనే ఒక గది. తోడుగా ఇంకొకావిడ. ఏడాది నిండిన పిల్లల నుంచి అయిదేళ్ళవాళ్ళ దాకా, పాతికమందికి మించకుండా, వారానికి ఆరురోజులు. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. పాటలు, బొమ్మలు, చేతులు కడుక్కోవడం, నాలుగు అక్షరాలు.

ఆ గదికి వాళ్ళు పెట్టిన పేరు 'ఆంచల్'. బెంగాలీలో ఆంచల్ అంటే చీరకొంగు. చూసుకునే ఆవిణ్ణి 'ఆంచల్ మా' అంటారు, చీరకొంగు అమ్మ అన్నమాట. పిల్లాడు తల్లి కొంగు పట్టుకుని తిరిగితే తల్లికి పని సాగదు. కొంగు వదిలితే గుంట దగ్గరికి పోతాడు. అందుకని ఊరంతా కలిసి ఇంకొక కొంగు పట్టిచ్చింది. ఇంత చక్కగా పేరు పెట్టుకున్న పథకం నాకు మరొకటి తెలియదు.

ఫలితం చూడండి. ఆంచల్‌కి వచ్చే పిల్లల్లో మునిగి చనిపోయే ప్రమాదం, రాని పిల్లలతో పోలిస్తే ఎనభై శాతానికి పైగా తగ్గింది. కాస్త పెద్దపిల్లలకి ఊరి చెరువులోనే వెదురుతో చట్రం కట్టి ఈత నేర్పారు. పాతిక మీటర్లు ఈదాలి, అర నిమిషం నీటి మీద తేలాలి, అప్పుడే వచ్చినట్టు.

ఆ తరవాత అమెరికాకు చెందిన బ్లూమ్‌బర్గ్ దాతృత్వ సంస్థ డబ్బు పెట్టింది, ఏడు ఉపజిల్లాల్లో, అంటే జిల్లాల్లోని చిన్న భాగాల్లో, పెద్ద ఎత్తున ప్రయోగం జరిగింది. అందులో కొన్ని ఇళ్ళకి చెక్కతో, ప్లాస్టిక్‌తో చేసిన ఆట దొడ్లు, అంటే చుట్టూ కంచె ఉన్న చిన్న పెట్టెల్లాంటివి, కూడా ఇచ్చారు, పిల్లాణ్ణి అందులో కూర్చోబెట్టుకోమని. దొడ్డి గురించి గట్టిగా చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు, మనిషి ఉన్న గది గురించి వచ్చింది. దొడ్డిలో పిల్లాణ్ణి కూర్చోబెట్టడానికీ, ఏడిస్తే ఎత్తుకుని మళ్ళీ దింపడానికీ ఒక మనిషి కావాలి కదా!

2022లో బంగ్లాదేశ్ ప్రభుత్వమే దీన్ని అందుకుంది. 16 జిల్లాల్లో 8,000 కేంద్రాలు, 2 లక్షలమంది పిల్లలు, సుమారు 271 కోట్ల టాకాలు. అందులో ఎనభై శాతం ప్రభుత్వానిదే. మిగిలింది బ్లూమ్‌బర్గ్ సంస్థా, బ్రిటన్‌లో సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్ళని కాపాడే ఆర్‌ఎన్‌ఎల్‌ఐ అనే ధర్మసంస్థా ఇచ్చాయి. ధర్మం డబ్బు ముందు నడిచి దారి చూపించింది, ప్రభుత్వం డబ్బు వెనకాల వచ్చి బరువెత్తుకుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. మన అంగన్‌వాడీ బడిలో కూర్చునేది మూడేళ్ళు నిండినవాళ్ళు. మూడేళ్ళలోపు బిడ్డకి బాలామృతం ప్యాకెట్ ఇంటికి వస్తుంది, బిడ్డ మాత్రం ఇంట్లోనే ఉంటుంది. నడక వచ్చి, మాట ఇంకా రాని ఆ ఏడాదీ రెండేళ్ళ వయసే అన్నిటికంటే ప్రమాదం. పంట కాలవ పక్క ఊళ్ళలో, చేపల చెరువుల గట్ల మీద, కూలికి వెళ్ళే తల్లి పొలం గట్టున పిల్లని పడుకోబెట్టే చోట ఈ లోటు కళ్ళకి కట్టినట్టు కనపడుతుంది.

మీరు ఒక కేంద్రానికి డబ్బిద్దామనుకున్నారు. ఉదాహరణకి నేను వేసిన లెక్క ఇది, మీ ఊళ్ళో కూలిరేట్లని బట్టి మార్చుకోండి. చూసుకునే ఆవిడకి నెలకి 7,000. తోడున్న ఆవిడకి 5,000. చాపలు, సబ్బు, మందుల పెట్టె, పల్లీ పట్టీ, కరెంటు కలిపి 3,000. మొత్తం 15,000. పిల్లలు ఇరవైమందైతే తలకి నెలకి 750 రూపాయలు. ఏడాదికి 1,80,000, మూడేళ్ళకి 5,40,000.

ఈ లెక్కలో పన్నెండు వేలు మనుషులకే పోతోంది. దాతలకి నచ్చనిది సరిగ్గా ఇదే. గోడకి రంగు వేయిస్తాం, ఆటబొమ్మలు కొనిస్తాం, పేరున్న బోర్డు పెడతాం, జీతాలకి మాత్రం ఇవ్వం అంటారు. జీతమంటే ఆఫీసు ఖర్చు అనే అపోహ ఉంది. విదేశీ విరాళాల చట్టంలో పాలనా ఖర్చు ఇరవై శాతం దాటకూడదు, కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చుకి ఉన్న సీఎస్ఆర్ నిబంధనల్లో అయిదు శాతం దాటకూడదు. నిజమే. కానీ బడిలో టీచరు జీతం, ఆసుపత్రిలో డాక్టరు జీతం అసలు పనికి పెట్టే ఖర్చే తప్ప పాలనా ఖర్చు కాదు. పిల్లల్ని చూసుకునే ఆవిడ జీతమూ అంతే. జీతం రెండు నెలలు ఆగిందంటే ఆవిడ కూలికి వెళ్ళిపోతుంది. బొమ్మలు గదిలో ఉంటాయి, గదికి తాళం ఉంటుంది, పిల్లాడు కాలవ గట్టు మీద ఉంటాడు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకి ఒక మాట. భారత పాస్‌పోర్టు ఉంటే మీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా మామూలుగానే పంపవచ్చు. అమెరికా పౌరసత్వమో, ఇంకో దేశానిదో తీసుకున్నారా, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే ఇందాక చెప్పిన విదేశీ విరాళాల చట్టం, కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఉన్న ఖాతాకే పంపాలి. 2020 సవరణ తరవాత ఆ సంస్థ మీ డబ్బుని మరో సంస్థకి బదలాయించడానికి వీల్లేదు. అంటే, పెద్ద సంస్థకి పంపితే వాళ్ళు మా ఊరి చిన్న సంఘానికి ఇస్తారులే అనుకోవద్దు. కేంద్రాన్ని స్వయంగా నడిపేవాళ్ళనే వెతకండి.

ఇచ్చాక ఒక్కసారైనా వెళ్ళి చూడండి. ప్రారంభోత్సవం రోజు వద్దు. మామూలు రోజు, చెప్పకుండా, పదకొండింటికి వెళ్ళండి. గడపకి అడ్డంగా మోకాటెత్తు తలుపుందా? నీళ్ళ బకెట్‌కి మూత ఉందా? ఇద్దరిలో ఒకావిడ బయటికి వెళ్ళినప్పుడు రెండో ఆవిడ గదిలో ఉందా? ఆ తరవాత హాజరు పుస్తకం తీయించండి. అందరూ వచ్చిన రోజు కాదు, ఒక పాప రాని రోజు చూడండి. కేంద్రానికి రాని రోజే ఆ పాప గుంట దగ్గర ఒంటరిగా ఉండే రోజు. ఆ రోజు తొమ్మిదిన్నరలోపు వాళ్ళింటికి ఎవరైనా వెళ్ళారా? వెళ్తే ఎవరు, ఎన్ని గంటలకి? పాప పేరు పక్కన ఆ రెండు వివరాలూ రాసి ఉన్నాయేమో చూడండి.

నమస్కారం.