బీకాం నుంచి వార్డు దాకా: బ్రిటన్‌లో గ్రాడ్యుయేట్ ఎంట్రీ మెడిసిన్

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంటర్‌లో ఎంఈసీ, ఆపైన గుంటూరులో బీకాం చదివి, పెళ్లయ్యాక ఇంగ్లండు వెళ్లి, ముప్పై మూడేళ్ల వయసులో అక్కడ వైద్యవిద్యలో చేరిన డాక్టరు గారు ఈ రోజు మనతో ఉన్నారు. డాక్టరు గారూ, బైపీసీ చదవనివాళ్లకు మెడిసిన్ అన్నది ముగిసిపోయిన కథ అని మన ఇళ్లలో అనుకుంటాం కదా. అక్కడ అది ఎలా సాధ్యమైంది?

డాక్టర్: నమస్కారమండీ. డిగ్రీ పూర్తిచేసినవాళ్ల కోసం బ్రిటన్‌లో నాలుగేళ్ల వైద్య కోర్సు ఒకటి ఉంది. 2000లో లండన్‌లోని సెయింట్ జార్జ్‌స్ వైద్య కళాశాల దీన్ని ఆ దేశంలో మొదట ప్రారంభించింది. వార్విక్ వైద్య కళాశాలలోనైతే డిగ్రీ ఉన్నవాళ్లకు తప్ప ఇతరులకు ప్రవేశమే లేదు, ఆ డిగ్రీ చరిత్రలో ఉన్నా, సంగీతంలో ఉన్నా అభ్యంతరం లేదు. అయితే కొన్ని కళాశాలలు జీవశాస్త్ర సంబంధమైన డిగ్రీనే అడుగుతాయి కాబట్టి, దరఖాస్తుకు ముందు ఒక్కొక్క కళాశాల నిబంధనను విడిగా చదువుకోవాలి.

వ్యాఖ్యాత: సైన్సు రాకపోయినా పరవాలేదని దీని అర్థమా?

డాక్టర్: కాదండీ, ఈ విషయంలోనే చాలామంది పొరబడతారు. ఏ డిగ్రీ అయినా సరే అన్న మాట ప్రవేశం వరకే వర్తిస్తుంది, తరగతిలో మన కోసం ఎవరూ నెమ్మదిగా నడవరు. కొన్ని కళాశాలలు గామ్‌శాట్ అనే పరీక్ష అడుగుతాయి, వార్విక్ వంటివి యూక్యాట్ అనే మరో ప్రవేశ పరీక్ష అడుగుతాయి. గామ్‌శాట్‌లో మూడు భాగాలుంటాయి: సాహిత్య, సామాజిక విషయాలను చదివి తర్కించడం ఒకటి, వ్యాసాలు రాయడం రెండవది, జీవ, రసాయన, భౌతిక శాస్త్రాలలో తర్కించడం మూడవది. పదో తరగతి తరువాత రసాయన శాస్త్రం ముట్టుకోని నేను మొదటిసారి ఆ మూడో భాగంలోనే తప్పాను. అప్పుడు మా అమ్మ గుంటూరు నుంచి తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు పోస్టులో పంపించింది. ఉద్యోగం నుంచి వచ్చి, పిల్లవాణ్ణి నిద్రపుచ్చి, రాత్రి తొమ్మిదిన్నరకు వంటింటి బల్ల మీద ఆ పుస్తకాలు తెరిచేదాన్ని. అలా పద్నాలుగు నెలలు చదివాను.

వ్యాఖ్యాత: రెండో డిగ్రీకి ఖర్చు మాటేమిటి?

డాక్టర్: ఇంగ్లండులో స్థిరనివాస హక్కు ఉన్నవాళ్ల సంగతి మాత్రమే చెబుతాను. నాలుగేళ్ల కోర్సులో మొదటి సంవత్సరం ఫీజులో 3,465 పౌండ్లు నేనే కట్టాను, మిగతాది విద్యార్థి రుణంగా ఇచ్చారు. రెండో సంవత్సరం నుంచి ఫీజులో కొంత భాగాన్ని ఎన్‌హెచ్‌ఎస్ బర్సరీ, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఇచ్చే ఆర్థిక సాయం, భరించింది. అలా కాకుండా డిగ్రీ ఉన్నవాళ్లు ఐదేళ్ల మామూలు కోర్సులో చేరితే మొదటి నాలుగేళ్లకు ఫీజు రుణం దొరకదు. విదేశీ విద్యార్థుల ఫీజు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది.

వ్యాఖ్యాత: మరి ఐదేళ్ల చదువును నాలుగేళ్లలో ఎలా ఇముడుస్తారు?

డాక్టర్: రోగుల మధ్య నేర్చుకునే కాలాన్ని పెద్దగా తగ్గించరు, దానికి ముందుండే శరీరధర్మశాస్త్రం, శరీర నిర్మాణశాస్త్రం వంటి పాఠాలను కుదిస్తారు. మొదటి వారంలోనే ఎనిమిదిమందిమి ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒక రోగి కథను చదివి, మాకు ఏమి తెలియదో బోర్డు మీద రాయాల్సి వచ్చింది. పక్కనున్న ఫార్మసిస్టు రెండు ప్రశ్నలు రాస్తే నేను పదకొండు రాశాను. కణంలోని పంపు మూడు సోడియం అయాన్లను బయటికి పంపి రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెచ్చుకుంటుందని చెబితే, దాన్ని జమ, ఖర్చుల పట్టికలాగా గీసుకుంటే గాని నాకు బోధపడలేదు.

వ్యాఖ్యాత: ఆ బీకాం చదువు తరువాత ఎప్పుడైనా ఉపయోగపడిందా?

డాక్టర్: మూడో సంవత్సరంలో, గుండె బలహీనపడి ఒళ్లంతా నీరు చేరిన ఒక పెద్దాయన వార్డులో ఉండేవారు. రోజుకు లీటరున్నర ద్రవమే ఇవ్వాలని నిర్ణయించి, ఆయన తాగిందంతా ఒక వరుసలో, మూత్రంగా పోయిందంతా మరొక వరుసలో రాస్తున్నారు. మూడు రోజుల పట్టిక ప్రకారం లోపలికి వెళ్లినదానికన్నా బయటికి పోయిందే ఎక్కువ, కానీ ఆయన బరువు మాత్రం రెండు కిలోలు పెరిగింది. లెక్క కుదరకపోతే ఎక్కడో ఒక పద్దు రాయలేదన్నమాటేనని ఎనిమిదేళ్ల ఉద్యోగం నాకు నేర్పింది. మంచం పక్కన కూర్చుని అడిగితే, కూతురు రోజూ సాయంత్రం ఫ్లాస్కులో సూపు తెస్తోందని, అది ఆహారమే కాబట్టి నర్సుకు చెప్పలేదని ఆయన అమాయకంగా చెప్పారు. ఆ ఫ్లాస్కులో ముప్పావు లీటరు పడుతుంది. ఆ సాయంత్రం సీనియర్ డాక్టరు గారు మందు మోతాదు పెంచబోయి ఆగారు. ఆ రోజు నేను ఇంటికి వెళ్లి మా ఆయనకు ఈ సంగతి చెబుతూ ఏడ్చేశాను, ఎందుకంటే నేను ఈ వృత్తికి ఆలస్యంగా వచ్చానే గాని ఉత్త చేతులతో రాలేదని మొదటిసారి నాకు అనిపించింది.

వ్యాఖ్యాత: ఈ డిగ్రీతో మన దేశానికి తిరిగివచ్చి ప్రాక్టీసు చేయాలనుకునేవాళ్లు ఏమి గమనించాలి?

డాక్టర్: ఇది తప్పక చెప్పాలి. విదేశీ వైద్య పట్టభద్రుల విషయమై జాతీయ వైద్య కమిషన్ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం విదేశంలో కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంటర్న్‌షిప్ దానికి అదనం. నాలుగేళ్లంటే 48 నెలలే. తిరిగి రావాలన్న ఆలోచన ఉన్నవాళ్లు ఫీజు కట్టకముందే ఈ సంగతిని కమిషన్‌తో తేల్చుకోవాలి. చేరాక తెలుసుకుని కుమిలిపోయినవాళ్లను నేను చూశాను.

వ్యాఖ్యాత: చివరిగా, ఎంఈసీ చదివి ఇప్పుడు అక్కడ స్థిరపడిన ఒక చెల్లెలు, రేపటి నుంచి ఏమి చదవమంటారని అడిగింది.

డాక్టర్: గామ్‌శాట్ కోచింగుకు డబ్బు కట్టవద్దని చెప్పండి, ఇప్పుడే కాదు. ఇంటర్ మొదటి సంవత్సరం రసాయన శాస్త్రం పుస్తకం తెప్పించుకుని, పరమాణు నిర్మాణం పాఠంతో మొదలుపెట్టి, లెక్కలు వదలకుండా చేయమనండి. ఎక్కడ ఆగిపోయిందో ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపమనండి, ఆదివారం మధ్యాహ్నాలు నాకు ఖాళీయే.