నేల గీతను నమ్మకండి! మీ బాస్కెట్‌బాల్ ఫోటోలు వంకరగా వచ్చేది దాని వల్లే

నేల గీతను నమ్మకండి. ఇంకోసారి చెబుతున్నా, కోర్టు నేల మీద గీసిన గీతను నమ్మకండి!

హైస్కూల్ బాస్కెట్‌బాల్ ఫోటో వంకరగా ఉంటే అది తప్పేనని పోయిన వీడియోలో అన్నాను. చాలామంది నా మీద విరుచుకుపడ్డారు. "వంకరగా ఉంటేనే ఊపు" అన్నారు. ఊపు ఆ పిల్లాడి మోకాళ్లలో ఉంటుందండీ, పైకి లేచిన చేతిలో ఉంటుంది. జిమ్ గోడ పక్కకి ఒరిగితే ఊపు ఎక్కడి నుంచి వస్తుంది?

మనం బేస్‌లైన్ మూలన, అంటే రింగు వెనక ఉండే కోర్టు చివరి గీత మూలన కూర్చుంటాం. అక్కడి నుంచి చూస్తే సైడ్‌లైన్ (కోర్టు పొడుగునా పక్కన ఉండే గీత), వెనక జనం కూర్చునే మెట్ల వరసలు ఏటవాలుగానే కనబడతాయి, కెమెరా ఎంత తిన్నగా పట్టుకున్నా సరే. ఇంటికొచ్చి ఆ గీత పట్టుకుని ఫోటో తిప్పుతాం. గీత తిన్నగా అవుతుంది, పిల్లలు పడిపోతుంటారు! ఒక సీజన్ మొత్తం నేను ఇలాగే పాడుచేశాను. ఫ్రీ త్రో కోసం కదలకుండా నిలబడ్డ అమ్మాయి కూడా ఒరిగిపోయి ఉంది. ఆ ఫోటో వాళ్ల అమ్మకి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు.

నిలువు గీత పట్టుకోండి. బ్యాక్‌బోర్డు (రింగు బిగించి ఉండే పలక) పక్క అంచు, గోడ మూల, తలుపు చట్రం, ఏదైనా సరే. కానీ ఫ్రేమ్ మధ్యకి దగ్గరగా ఉన్నదే చూడండి. రింగు 10 అడుగుల ఎత్తులో ఉంటుంది కదా, ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ లెన్స్‌ని పైకెత్తితే అంచుల్లో ఉన్న నిలువు గీతలు లోపలికి వాలతాయి. అవీ మోసమే.

"తర్వాత తిప్పి, అంచులు కోసి క్రాప్ చేసుకుంటాలే" అంటారా? 3 డిగ్రీలు తిప్పి అదే 3:2 ఆకారం (వెడల్పు 3 వంతులు, ఎత్తు 2 వంతులు) ఉంచితే ఫోటోలో దాదాపు 14 శాతం పోతుంది. 5 డిగ్రీలైతే 21 శాతం! పోయేది అంచులే. బంతి ఎక్కడుంటుంది? వేళ్ల చివర, పై అంచున. పైగా ఆ మసక జిమ్ లైట్లకి ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందన) 6400 దాకా పెంచి ఉంటాం, క్రాప్ చేసేకొద్దీ ఫోటోలో గరుకు, అంటే ఆ చుక్కచుక్కలు, ఇంకా బయటపడుతుంది.

ఇక తీసేటప్పుడే కెమెరా ఎందుకు ఒరుగుతుందో నా సిద్ధాంతం. ఒరిగేది చెయ్యి కాదు, తల! బంతి వెంట చూపు పోతుంది, చూపు వెంట తల ఒరుగుతుంది, కెమెరా ముఖానికే ఆని ఉంటుంది. మోనోపాడ్ (కెమెరా కింద పెట్టే ఒంటికాలి స్టాండు) బరువు మోస్తుందే గానీ, పక్కకి ఒరగకుండా ఆపలేదు. కెమెరా ఒరిగిందో లేదో చూపించే లెవెల్ గీత తెర మీద ఉంది కదా అంటారు, గబుక్కున తిప్పుతున్నప్పుడు అదీ తడబడుతుంది. అందుకే తెర మీద అడ్డంగా, నిలువుగా కనబడే గ్రిడ్ గీతలు ఆన్ చేసుకుని, బ్యాక్‌బోర్డు అంచును కంటి చివర్లో పెట్టుకుని బంతిని పట్టుకోండి.

వచ్చే మ్యాచ్‌లో మొదటి క్వార్టర్ ఇలా తీయండి, 8 నిమిషాలే. ఎన్ని ఫోటోలు తిప్పాల్సి వచ్చిందో కింద రాయండి. ఊపు అన్నవాళ్లు ముందు రాయాలి!